కేట్ విలియం అనే ఒక పేరు

కేట్ విలియం అనే రచయిత్రి ఎప్పుడూ లేదు. ఆమెకి పుట్టిన ఊరు లేదు, వెనక అట్ట మీద ఫోటో లేదు. అయినా 1983 నుంచి పదిహేనేళ్ళ పాటు, ఇంచుమించు నెలకొకటి చొప్పున, ఆ పేరు మీద నవలలు వస్తూనే ఉన్నాయి. 'స్వీట్ వ్యాలీ హై' సిరీస్‌లో అసలు వరుస ఒక్కటే 143 పుస్తకాలు. అందులోని కవలపిల్లల చిన్నతనం, కాలేజీ రోజులు, వేసవి సెలవుల స్పెషల్స్ కూడా కలిపితే లెక్క కొన్ని వందల్లోకి పోతుంది.

తొంభైల్లో హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివిన ఆడపిల్లలకి ఈ పుస్తకాలని పరిచయం చెయ్యక్కర్లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుట్టలుగా పోసి ఉండేవి. కాలనీల్లో అద్దెకిచ్చే లైబ్రరీల్లో నాన్సీ డ్రూకీ మిల్స్ అండ్ బూన్‌కీ మధ్య అరలో ఉండేవి. మా వయసు కూడా సరిగ్గా ఆ రెండిటి మధ్యలోనే ఉండేది లెండి. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను వీటిని వరసగా చదివాను, నంబర్ల క్రమం లేకుండా, ఏది దొరికితే అది. వీటిని ఎవరు రాస్తున్నారన్న ప్రశ్న మాలో ఎవ్వరికీ రాలేదు. ఇప్పుడు నన్ను పట్టుకున్నది ఆ ప్రశ్నే. సాహిత్య చరిత్రల్లో ఈ పుస్తకాలకి చోటు లేదు, దానికి నేను పెద్దగా బాధపడను. కానీ కొన్ని కోట్ల మంది పిల్లలు చదివిన వాక్యాలని ఎవరో కూర్చుని రాశారు కదా. వాళ్ళెవరు, వాళ్ళకి ఏం మిగిలింది?

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1942లో అమెరికాలో 'సెవెంటీన్త్ సమ్మర్' అనే నవల వచ్చింది. రాసింది మోరీన్ డేలీ. ఐర్లండ్‌లో పుట్టి, విస్కాన్సిన్‌లో ఫాండ్ డు లాక్ అనే ఊళ్ళో పెరిగిన అమ్మాయి. నవల పూర్తయ్యేటప్పటికి ఇంకా కాలేజీలోనే ఉంది. హైస్కూలు అయిపోయిన యాంజీ, బేకరీ వాళ్ళబ్బాయి జాక్, ఒక వేసవి. ఇంతే కథ. చివర పెళ్ళి లేదు. ఆమె చదువుకి వెళ్ళిపోతుంది, అతను కుటుంబంతో వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతాడు. టీనేజ్ పాఠకులు అని వేరే అర పెట్టే అలవాటు పుస్తకాల షాపులకి ఇంకా రాని రోజుల్లో, దాన్ని పెద్దవాళ్ళ నవలగానే వేశారు. ఒక ఊరు, ఆ ఊళ్ళో సరస్సు, మరీ ఎక్కువ మాట్లాడని ఒక అమ్మాయి. చదువుతుంటే ఇది ఎవరో చూసి రాసిన వేసవి అని తెలుస్తూనే ఉంటుంది. డేలీ తర్వాత పాత్రికేయురాలైంది. ఈ వయసు పిల్లల కోసం ఇంకో నవల రాయడానికి ఆమెకి నలభై నాలుగేళ్ళు పట్టింది. ఆ 'యాక్ట్స్ ఆఫ్ లవ్' 1986లో వచ్చేసరికి, చుట్టూ నెలకొకటి చొప్పున ప్రేమ నవలలు అచ్చవుతున్నాయి!

డేలీ వెనకాలే బెటీ కవానా, రోజమండ్ డు జార్డిన్, బెవర్లీ క్లియరీ లాంటి వాళ్ళు యాభైల్లో పదహారేళ్ళ పిల్లల ప్రేమల గురించి రాశారు. అందరివీ సొంత పేర్లే. తర్వాత గాలి మారింది. 1967లో వచ్చిన 'ది అవుట్‌సైడర్స్' వీధి గొడవలు పడే కుర్రాళ్ళ కథ, రాసింది హైస్కూలు అమ్మాయి. ఆడపిల్ల రాసిందంటే మగ సమీక్షకులు తీసి పక్కన పెడతారని ప్రచురణకర్తలు ఆమె పేరుని ఎస్.ఇ. హింటన్‌గా కుదించారు. 1971లో 'గో ఆస్క్ ఆలిస్' వచ్చింది, మత్తుమందులకి అలవాటుపడి చనిపోయిన అమ్మాయి నిజమైన డైరీ అంటూ, రచయిత పేరు దగ్గర 'అజ్ఞాత' అని వేసి. ఆ డైరీ వెనక బియట్రిస్ స్పార్క్స్ అనే నడివయసు ఆవిడ ఉందని తర్వాత బయటపడింది. ఈ రకం పుస్తకాల్లో పేరు ఎప్పుడూ కాస్త అనుమానాస్పదమైన సరుకే.

డెబ్భైలంతా 'సమస్యల నవలల' కాలం. తాగుడు, విడాకులు, గర్భం, ఆత్మహత్య. జూడీ బ్లూమ్ 'ఫరెవర్' 1975లో వచ్చింది, అందులో అమ్మాయి అబ్బాయితో పడుకుంటుంది, దానికి ఆమెకి ఏ శిక్షా పడదు. లైబ్రేరియన్లు, టీచర్లు, తల్లిదండ్రులు కొట్టుకున్నారు. పిల్లలు మాత్రం చేతులు మార్చుకుంటూ చదివారు.

సరిగ్గా ఇక్కడ స్కొలాస్టిక్ ఒక సంగతి కనిపెట్టింది. ఆ కంపెనీకి స్కూళ్ళలో బుక్ క్లబ్బులు ఉన్నాయి. క్లాసులో కాగితం పంచుతారు, పిల్లలు కావలసిన పుస్తకాలకి టిక్కు పెట్టి డబ్బులు ఇస్తారు. ఆ టిక్కుల్లో మెత్తటి ప్రేమకథలకే ఎక్కువ పడుతున్నాయి. 1979-80లో 'వైల్డ్‌ఫైర్' పేరుతో వాటికో సిరీస్ మొదలుపెట్టారు. 1981లో బాంటమ్ 'స్వీట్ డ్రీమ్స్' తెచ్చింది, సిలూయెట్ 'ఫస్ట్ లవ్' తెచ్చింది. పెద్దవాళ్ళ విషయంలో హార్లెక్విన్ అప్పటికే నేర్పిన పాఠం ఇది: రచయిత పేరు చూసి కాకుండా సిరీస్ పేరు చూసి కొనేలా చెయ్యాలి, సబ్బు కొన్నట్టు. దీనికి తోడు అమెరికాలో అప్పుడు ఊరూరా మాల్స్, మాల్స్‌లో చెయిన్ పుస్తకాల షాపులు. పదమూడేళ్ళ పిల్ల తన చేతి డబ్బుతో, రెండు డాలర్ల లోపు పెట్టి, అమ్మనీ లైబ్రేరియన్‌నీ అడగకుండా పుస్తకం కొనుక్కోవచ్చు. అట్ట గట్టి పుస్తకం అయితే మధ్యలో ఒక పెద్దమనిషి ఆమోదం కావాలి. పేపర్‌బ్యాక్‌కి అక్కర్లేదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి పెద్ద మార్పు ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

స్వీట్ డ్రీమ్స్ కవర్ల మీద బొమ్మలుండవు, నిజం అమ్మాయిల ఫోటోలు ఉంటాయి. మొదటి పుస్తకం బార్బరా కాంక్లిన్ రాసిన 'పి.ఎస్. ఐ లవ్ యూ'. అందులో అబ్బాయి క్యాన్సర్‌తో పోతాడు. మన పాఠకులకి కొత్తేం కాదు, 'ప్రేమాభిషేకం' చూసిన జాతి మనది. ఈ సిరీస్ 1990ల మధ్య వరకూ నడిచి రెండు వందలు దాటింది. చదువుకునే పిల్ల, పక్కింటి అబ్బాయి, స్కూల్ డాన్స్, చివర్లో ఒక ముద్దు. అంతకు మించి ఏమీ జరగదు. జరగకూడదన్నది రూలు.

కానీ ఒకటి గమనించాలి. స్వీట్ డ్రీమ్స్ కవర్ల మీద రాసినవాళ్ళ పేర్లు ఉండేవి. అందుకే వాళ్ళు తర్వాత ఏమయ్యారో మనం వెతికి పట్టుకోగలం. నాకు బాగా నచ్చిన కథ జానెట్ క్విన్-హార్కిన్‌ది. ఇంగ్లండులోని బాత్‌లో పుట్టింది, బీబీసీ నాటక విభాగంలో పనిచేసింది, ఆస్ట్రేలియా వెళ్ళింది, చివరికి కాలిఫోర్నియాలో స్థిరపడింది. 'కాలిఫోర్నియా గర్ల్' లాంటి స్వీట్ డ్రీమ్స్ పుస్తకాలు రాసి, ఆ పైన సొంతంగా టీనేజ్ సిరీస్‌లు కూడా నడిపింది. ఊరికి కొత్తగా వచ్చి ఆశ్చర్యంగా చూసే మనిషి కళ్ళు ఆమెవి. అమెరికన్ హైస్కూలు గురించి అంత హుషారుగా రాయడానికి అందులో చదవకపోవడమే ఒక సాయం అయిందేమో. ఆ తర్వాత, యాభై దాటాక, ఆమె ఆ బల్ల మీంచి లేచి ఇంకో బల్ల దగ్గర కూర్చుంది. వెల్ష్ తాతగారి పేరుని తన కలం పేరు చేసుకుని, రిస్ బోవెన్‌గా 1997లో 'ఎవాన్స్ అబవ్' అనే డిటెక్టివ్ నవల రాసింది. ఇప్పుడు 'హర్ రాయల్ స్పైనెస్' సిరీస్ చదివే పెద్దవాళ్ళలో ఎంతమందికి తాము పన్నెండేళ్ళప్పుడు కూడా ఈవిడనే చదివామని తెలుసో! కారొలిన్ కూనీది కూడా ఇలాంటి దారే. వైల్డ్‌ఫైర్‌కి, చీర్‌లీడర్ల సిరీస్‌కి రాసిన చేత్తోనే 1990లో 'ద ఫేస్ ఆన్ ద మిల్క్ కార్టన్' రాసింది. పాల డబ్బా మీద తప్పిపోయిన పిల్ల ఫోటోలో తనని తాను చూసుకున్న అమ్మాయి కథ. వేగం, ప్రకరణం చివర కొక్కెం తగిలించడం, పాఠకురాలిని వదలకపోవడం, ఇవన్నీ వాళ్ళు ఆ చవక పుస్తకాల దగ్గరే నేర్చుకున్నారని నా అభిప్రాయం. మన వారపత్రికల సీరియళ్ళు రాసినవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

పేరు లేకుండా చేసే పద్ధతి వేరే చోటి నుంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ అనే ఆయన పిల్లల పుస్తకాల ఫ్యాక్టరీ పెట్టాడు. కథ చుట్టుకొలత తను రాసేవాడు, నవల ఇంకొకరి చేత రాయించేవాడు, పేరు ఎవరిదీ కానిది పెట్టేవాడు. 1930లో మొదలైన నాన్సీ డ్రూ కవర్ మీద ఉండే కెరొలిన్ కీన్ అలాంటి పేరే. తొలి ముప్ఫై పుస్తకాల్లో 23 రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్ అనే పాత్రికేయురాలు. మొదట్లో పుస్తకానికి 125 డాలర్లు, ఒక్కసారే. ఆ తర్వాత ఎన్ని లక్షలు అమ్ముడైనా ఆమెకి రాయల్టీ లేదు, పేరు చెప్పుకోకూడదు. 1980లో ప్రచురణకర్తల మధ్య గొడవ కోర్టుకెక్కి, ఆమె సాక్షిగా వస్తేగాని సంగతి అందరికీ తెలియలేదు. ఇది జరిగిన మూడేళ్ళకే కేట్ విలియం 'పుట్టింది'.

ఇక ఫ్రాన్సీన్ పాస్కల్. న్యూయార్క్ మనిషి. అన్న మైకేల్ స్టూవర్ట్ 'హలో, డాలీ!' లాంటి బ్రాడ్వే సంగీత నాటకాలకి కథ, మాటలు రాసినవాడు. భర్త జాన్ పాస్కల్ పాత్రికేయుడు. ఈ దంపతులిద్దరూ కలిసి ఒక పగటిపూట టీవీ సీరియల్‌కి స్క్రిప్టులు రాశారు, అన్నతో కలిసి 'జార్జ్ ఎమ్!' అనే మ్యూజికల్ రాశారు. 1981లో భర్త చనిపోయాడు. టీనేజర్ల కోసం ఒక టీవీ సీరియల్ చెయ్యాలని ఆవిడ తిరిగింది, ఛానెళ్ళు పట్టించుకోలేదు. అదే ఆలోచనని పుస్తకాలుగా మార్చింది. అందుకే స్వీట్ వ్యాలీ హై చదువుతుంటే నవల చదువుతున్నట్టు ఉండదు, ఎపిసోడ్ చూస్తున్నట్టు ఉంటుంది. ప్రతి పుస్తకం చివరా తర్వాతి పుస్తకానికి ఎర ఉంటుంది. స్వీట్ డ్రీమ్స్‌లో ప్రతి కథా కొత్త అమ్మాయిది, ముద్దుతో ముగుస్తుంది. ఇక్కడ అమ్మాయిలు మారరు. ఎలిజబెత్, జెస్సికా వేక్‌ఫీల్డ్. కవలలు. నాలుగు నిమిషాలు ముందు పుట్టిన ఎలిజబెత్ బుద్ధిమంతురాలు, స్కూల్ పత్రికకి రాస్తుంది. జెస్సికా అబద్ధాలకోరు, చీర్‌లీడర్, అందరి చేతా పనులు చేయించుకుంటుంది. కోమాలు, కిడ్నాపులు, ల్యుకేమియా, ఒకే ఒక్కసారి కొకెయిన్ పీల్చి చచ్చిపోయిన రెజీనా మారో, నూరో పుస్తకంలో కవలల్లాగే ఉండి వాళ్ళని చంపాలని చూసే మూడో అమ్మాయి. ఇన్ని జరిగినా వందకి పైగా పుస్తకాలపాటు వాళ్ళకి పదహారేళ్ళు దాటవు. ద్విపాత్రాభినయం సినిమాల మీద పెరిగిన మాకు ఇందులో ఒక్క ముక్క కూడా వింతగా అనిపించలేదు. ఒకే మొహంతో మంచి, చెడు. ఎన్టీఆర్, వాణిశ్రీ, అందరూ చేసిందే కదా.

ఈ పుస్తకాలు తయారయ్యే పద్ధతి ఇది. పాస్కల్ ప్రతి పుస్తకానికీ కథాసారం రాస్తుంది. పాత్రల వివరాలన్నీ, ఎవరి కళ్ళు ఏ రంగు, ఎవరి కారు ఏది, ఎవరు ఎప్పుడు ఎవరితో తిరిగారు, ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది, దాన్ని వాళ్ళు 'బైబిల్' అనేవారు. మధ్యలో ఒక ప్యాకేజింగ్ కంపెనీ, అంటే పుస్తకాన్ని మొత్తం తయారుచేసి ప్రచురణకర్తకి అప్పగించే సంస్థ. వాళ్ళు రాసే మనుషుల్ని వెతికి పెట్టుకుని, ఎడిట్ చేసి, బాంటమ్‌కి ఇస్తారు. పాత కాపీ ఒకటి తీసి కాపీరైట్ పేజీ చూడండి, తొంభైల పుస్తకాల్లో డేనియల్ వైస్ అసోసియేట్స్, 33 వెస్ట్ 17వ వీధి, న్యూయార్క్ అని ఉంటుంది. తర్వాత ఆ కంపెనీ '17వ వీధి ప్రొడక్షన్స్' అయింది ఈ అడ్రస్ వల్లే. కాపీరైట్, ట్రేడ్‌మార్క్ పాస్కల్‌వి. 'రాసినవారు కేట్ విలియం'. కవలల చిన్నతనం పుస్తకాలకి జేమీ సూజాన్, యూనివర్సిటీ పుస్తకాలకి లారీ జాన్. పాస్కల్ కూతుళ్ళ పేర్లు లారీ, సూజన్, జేమీ. భర్త పేరు జాన్. ఇంటివాళ్ళ పేర్లే అటూ ఇటూ కలిపి రచయితల్ని తయారుచేసినట్టు కనిపిస్తుంది.

పాస్కల్ రచయిత్రా కాదా అంటే, నేనైతే అవుననే అంటాను, సగం వరకు. మన సినిమా టైటిల్స్‌లో కథ ఒకరిది, మాటలు ఇంకొకరివి అని వేస్తారు. ఎవరూ అభ్యంతరం పెట్టరు. కథ ఆవిడదే, అందులో సందేహం లేదు. ఆ కవలల్ని అలా నిలబెట్టడం మామూలు పని కాదు. నా పేచీ 'మాటలు' అన్న కార్డు దగ్గరే. అక్కడ లేని మనిషి పేరు వేశారు.

ఆ 'మాటలు' రాసినవాళ్ళలో ఒకామె బయటికొచ్చి మాట్లాడింది. ఏమీ బోస్కీ. 2013లో కెన్యన్ రివ్యూ ఆన్‌లైన్‌లో 'ద ఘోస్ట్ రైట్స్ బ్యాక్' అనే వ్యాసం రాసింది. ఎనభైల్లో ఆమె హార్వర్డ్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని. విషయం పదిహేడో శతాబ్దపు ఆంగ్ల సాహిత్యం. అంటే మిల్టన్ కాలం. ఒక పక్క ఆ చదువు, ఇంకో పక్క జెస్సికా వేక్‌ఫీల్డ్. అలా యాభై దాకా పుస్తకాలు రాసింది. ఆ వ్యాసంలో ఫిర్యాదు కంటే ముచ్చటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ లోకంలో తను కూడా సుఖపడ్డానని దాచుకోదు. తర్వాత ఆమె బాస్టన్ కాలేజీలో ఇంగ్లీషు ప్రొఫెసర్ అయింది. 1996లో వచ్చిన ఆమె పరిశోధన గ్రంథం దేని గురించో తెలుసా? ఆధునిక యుగం తొలినాళ్ళ ఇంగ్లండులో ఊహించిన ఆదర్శ రాజ్యాల గురించి. వర్షం పడని, ఎవరూ పేదగా ఉండని, అందరూ అందంగా ఉండే ఒక ఊరి గురించి యాభై పుస్తకాలు రాసిన మనిషి, ఆదర్శలోకాల మీద థీసిస్ రాయడం చూస్తే నాకు భలే నవ్వొచ్చింది. 2010లో సొంత పేరుతో ఒక జ్ఞాపకాల పుస్తకం రాసింది. తన ఇంట్లో ఆడవాళ్ళకి తరతరాలుగా వస్తున్న క్యాన్సర్ గురించి, ఆ జన్యువు తనలోనూ ఉందన్న భయంతో పిల్లల్ని కనడం గురించి. స్వీట్ వ్యాలీలో ఎవరికీ పట్టని సమస్య అది. అక్కడ వయసే రాదు కదా.

ఇంతకీ ఆ ఆదర్శలోకంలో చోటు ఎవరికి? కవలలిద్దరూ బంగారు జుట్టు, సముద్రం రంగు కళ్ళు, ఎడమ బుగ్గ మీద సొట్ట, 'పర్ఫెక్ట్ సైజ్ సిక్స్'. ప్రతి పుస్తకం మొదట్లోనూ ఈ వర్ణన తప్పదు, మన ప్రబంధాల్లో నాయిక వర్ణన లాగ. ఆ ఆరు నంబరు ఎంత నడుమో మాకు చెప్పేవాళ్ళు లేరు. మా బట్టలు టైలర్ మెడలో టేపు తీసి అంగుళాల్లో కొలిచి, 'పొడుగవుతుంది కదమ్మా' అని ఒక మడత లోపల దాచి కుట్టేవాడు. అయినా ఆరు అనేది మంచి నంబరని, మేము ఆరు కామని మాత్రం అర్థమైంది. మా పెద్దమ్మ కూతురు ఒకామె, నాకన్నా రెండేళ్ళు పెద్దది, నల్లగా, ఒత్తు జుట్టుతో ఉండేది. ఆ పుస్తకాలన్నీ ముందు తనే చదివి నాకిచ్చేది. ఒకసారి ఉన్నట్టుండి, 'వీళ్ళ స్కూల్లో మనలాంటి దాన్ని పెడితే ఏం పాత్ర ఇస్తారే?' అని అడిగింది. నేను 'ఫ్రెండ్' అన్నాను. 'ఊఁ, చచ్చిపోయే ఫ్రెండ్' అంది తను. నాలుగో పుస్తకంలో రాబిన్ విల్సన్ అనే లావుపాటి అమ్మాయిని అందరూ ఏడిపిస్తారు. ఆమె బరువు తగ్గి, చీర్‌లీడర్ అయి పగ తీర్చుకుంటుంది. పుస్తకం ప్రకారం అది గెలుపు. మా అక్కకి ఆ పుస్తకం చాలా ఇష్టం, అంతే కోపం కూడా. ఇన్నేళ్ళ తర్వాత నాకు ఈ రెండూ ఒకేసారి ఉండటమే సరైన పఠనం అనిపిస్తోంది.

ఈ కోపం అక్కడా ఉంది. 1981లోనే, కేట్ విలియం ఇంకా రాకముందే, కౌన్సిల్ ఆన్ ఇంటర్‌రేషియల్ బుక్స్ ఫర్ చిల్డ్రన్ అనే సంస్థ తన బులెటిన్‌లో వైల్డ్‌ఫైర్ లాంటి సిరీస్‌లని ఉతికి ఆరేసింది. తెల్ల పిల్లలే తప్ప ఇంకెవరూ లేరని, అబ్బాయి దొరకడమే అమ్మాయి విలువ అని నేర్పుతున్నారని. 1990లో లిండా క్రిస్టియన్-స్మిత్ 'బికమింగ్ ఎ ఉమన్ త్రూ రొమాన్స్' అనే పుస్తకం రాసింది. రేగన్ కాలపు సంప్రదాయ రాజకీయానికీ ఈ నవలల జోరుకీ మధ్య ముడి చూపించింది. ఆమె చేసిన ఇంకో మంచి పని, స్కూళ్ళకి వెళ్ళి ఆడపిల్లలు ఈ పుస్తకాల్ని నిజంగా ఎలా చదువుతున్నారో చూడటం. పిల్లలు పుస్తకం చెప్పింది చెప్పినట్టు మింగరు, బేరమాడుతూ చదువుతారు. 1992లో నల్లజాతి టీనేజర్ల కోసం '18 పైన్ స్ట్రీట్' అనే సిరీస్ వచ్చింది. రూపకల్పన వాల్టర్ డీన్ మైయర్స్, అప్పటికే గౌరవం ఉన్న రచయిత. కానీ రాసినవారి దగ్గర స్టేసీ జాన్సన్ అని ఉంటుంది. అది కూడా లేని మనిషే. కొత్తవాళ్ళకి కథలో చోటు దొరికింది కానీ, ఫ్యాక్టరీ పద్ధతి మారలేదు. స్వీట్ వ్యాలీ హైని 2008లో మళ్ళీ అచ్చు వేసినప్పుడు ఒక దిద్దుబాటు చేశారు. సైజు ఆరుని సైజు నాలుగు చేశారు!

ఇదే కాలంలో మన దగ్గర పరిస్థితి తలకిందులు. యద్దనపూడి, యండమూరి, మల్లాది అంటే పేరే సరుకు. కవర్ మీద పేరు కథ పేరు కంటే పెద్దగా వేసేవాళ్ళు. రచయిత్రుల నవలలకి గిరాకీ ఉందని మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసిన సంగతీ మనకి తెలుసు. అక్కడ పేరు ఖాళీ గిన్నె, ఎవరినైనా పొయ్యొచ్చు. ఇక్కడ పేరు నిండుగా ఉండాలి, లేకపోతే పుస్తకం కదలదు. మన అద్దె లైబ్రరీల్లో ఈ రెండు రకాలూ పక్కపక్కనే, ఒకే రబ్బరు స్టాంపుతో ఉండేవి. అమ్మ వీటిలోంచి ఒకటి, నేను వాటిలోంచి ఒకటి తెచ్చుకునేవాళ్ళం. అమ్మ తన రచయిత్రి గురించి ఇంట్లో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. నేను నా రచయిత్రి గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు.

17వ వీధి కంపెనీని 2000లో ఎల్లాయ్ అనే సంస్థ కొనుక్కుంది. 'గాసిప్ గర్ల్' పుస్తకాలు అక్కడి నుంచే వచ్చాయి. 2006లో ఇంకో పుస్తకం కూడా. దాని పేరు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, 'హౌ ఓపల్ మెహతా గాట్ కిస్డ్, గాట్ వైల్డ్, అండ్ గాట్ ఎ లైఫ్'. రాసింది చెన్నైలో పుట్టి న్యూజెర్సీలో పెరిగిన కావ్య విశ్వనాథన్, హార్వర్డ్ విద్యార్థిని, పందొమ్మిదేళ్ళు. చాలాచోట్ల వాక్యాలు మేగన్ మెకాఫర్టీ నవలల్లోవని హార్వర్డ్ క్రిమ్సన్ పత్రిక బయటపెట్టింది. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ నెలంతా అందరూ ఆ అమ్మాయి గురించే మాట్లాడారు. కాపీరైట్ పేజీలో ఆమె పేరు పక్కనే ఎల్లాయ్ పేరు కూడా ఉంది. దాని మీద జరిగిన చర్చ తక్కువ. కాపీ కొట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఎన్నో చేతులు కలిసి పుస్తకం తయారుచేసే చోట, ఈసారి కవర్ మీద నిజం మనిషి పేరు, గోధుమరంగు మనిషి పేరు ఉంది కాబట్టి, అవమానం మోయడానికి ఒక మనిషి దొరికింది. కేట్ విలియంని ఎవరూ అలా నిలదీయలేరు.

ఇదంతా ఇంకా తిరగేసి చూడాలంటే ఎల్.జె. స్మిత్‌ని చూడాలి. 1991లో ఒక ప్యాకేజింగ్ కంపెనీ కోసం ఆమె 'వాంపైర్ డైరీస్' రాసింది. ఒకమ్మాయి, ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ రక్తపిశాచాలు. పేరు ఆమెదే వేశారు. కానీ ఒప్పందం కూలికి రాసే పద్ధతిలో, అంటే హక్కులు కంపెనీవి. 2009లో అది టీవీ సీరియల్‌గా పెద్ద హిట్ అయింది. ఆమె మళ్ళీ కొన్ని భాగాలు రాసింది. కథ ఎటు వెళ్ళాలన్న దగ్గర తేడా వచ్చింది. 2011లో ఆమెని తీసేశారు, ఆమె పుట్టించిన కథలోంచే. తర్వాతి పుస్తకాలు ఘోస్ట్ రైటర్ రాశారు. కవర్ మీద మాత్రం 'ఎల్.జె. స్మిత్' అలాగే ఉంది. కేట్ విలియం దగ్గర మనుషులున్నారు, పేరు లేదు. ఇక్కడ పేరుంది, మనిషి లేదు.

2013లో అమెజాన్ 'కిండిల్ వరల్డ్స్' అని ఒకటి మొదలుపెట్టింది. హక్కులున్న కంపెనీల దగ్గర అనుమతి తీసుకుని, అభిమానులు రాసిన ఫ్యాన్ ఫిక్షన్‌ని అమ్ముకోనిచ్చే ఏర్పాటు. వాంపైర్ డైరీస్ ఆ జాబితాలో ఉంది. 2014లో స్మిత్ అందరు అభిమానుల్లాగే అందులో చేరి, తను ఆపిన చోటు నుంచి తన కథని రాసుకోవడం మొదలుపెట్టింది. 2018లో అమెజాన్ కిండిల్ వరల్డ్స్‌ని మూసేసింది. 2025 మార్చిలో స్మిత్ చనిపోయింది.